ఎండలో బండి ఆగిపోయి, పది నిమిషాలకు మళ్లీ స్టార్టవుతోందా? ముందు ట్యాంక్ మూత తియ్యండి

మే నెల, హైదరాబాద్ నుంచి శ్రీశైలం, నాలుగైదు బండ్లు. గంటసేపు బాగానే నడిచిన బండి ఒకటి, పెట్రోలు అయిపోయినట్టే రెండుసార్లు జర్కులిచ్చి ఆగిపోతుంది. ఎంత కిక్కు కొట్టినా పలకదు. చెట్టు నీడలో పది నిమిషాలు పెడితే ఒక్క కిక్కుకే స్టార్టు. మళ్లీ 30, 40 కిలోమీటర్లకు అదే వరస. ఇంజన్ హీటెక్కిందని అందరూ తేల్చేస్తారు. నీళ్లు పోసినవాళ్లనీ చూశాను. ఆ పని మాత్రం చెయ్యకండి, కాలే ఇంజన్ మీద ఒక్కసారిగా చన్నీళ్లు పడితే పగుళ్లొచ్చే ప్రమాదం ఉంది.

పానాలు తీసేముందు కిల్ స్విచ్ (హ్యాండిల్ మీద ఇంజన్ ఆపే బటన్), పెట్రోల్ ట్యాప్, సైడ్ స్టాండ్ చూడండి. బండి ఆగగానే నలుగురూ చుట్టూ చేరి తలా ఒకటి తిప్పుతారు. ఆ తిప్పుళ్లలో కిల్ స్విచ్ ఆఫ్ అయిపోయి అరగంట కిక్కులు కొట్టిన సందర్భాలు నాకు లెక్కలేదు.

అవన్నీ సరిగ్గా ఉంటే, బండి ఆగిన క్షణంలోనే ట్యాంక్ మూత తియ్యండి. చెవి దగ్గరపెట్టి వినండి. 'సుయ్' మని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వచ్చి, కాసేపట్లోనే బండి స్టార్టయితే దొంగ దొరికినట్టే.

నూనె డబ్బాకు ఒకే చిల్లు పెడితే నూనె గుక్కగుక్కగా పడి ఆగిపోతుంది. అందుకే ఎదురుగా రెండో చిల్లు పెడతాం. ట్యాంకుకు ఆ రెండో చిల్లు మూతలోనే ఉంటుంది. అది దుమ్ముతోనో, పాలిష్ మైనంతోనో మూసుకుపోతే, పెట్రోలు దిగేకొద్దీ ట్యాంకులో గాలి ఒత్తిడి తగ్గి, పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే కార్బురేటర్‌కు ధార ఆగిపోతుంది. బండి నిలబెడితే సందుల్లోంచి గాలి మెల్లగా లోపలికి దూరి మళ్లీ పెట్రోలు దిగుతుంది. మనమేమో చల్లబడింది కాబట్టి నడిచిందనుకుంటాం.

నన్ను ఇది బాగా ఏడిపించింది. కడ్తాల్ దగ్గర ఆగిన స్నేహితుడి బండికి ప్లగ్గు మార్చాను, కార్బురేటర్ విప్పి కడిగాను. కల్వకుర్తిలో ట్యాంకు నింపాక బ్రహ్మాండంగా నడిచింది, నా రిపేరే పనిచేసిందనుకున్నాను. డిండి దాటాక మళ్లీ ఆగింది. అప్పుడు గుర్తొచ్చింది, బంకులో కుర్రాడు మూత తియ్యగానే వచ్చిన ఆ 'సుయ్'. ట్యాంక్ బ్యాగ్ ఎత్తి చూస్తే, దాని రెక్సిన్ అడుగు మూత మీద అతుక్కుపోయి ఉంది. ట్రిప్పు కోసం కొత్తగా కట్టిన బ్యాగ్ అది! దాన్ని వెనక సీటుకు కట్టాక శ్రీశైలం దాకా ఒక్కసారి కూడా ఆగలేదు.

కాబట్టి మూత మీద బ్యాగ్, కవర్ ఏదున్నా ముందు జరపండి. అయినా ఆగితే మూత విప్పి బయటికి తీసి, చిల్లులో సన్నతీగ పోనిచ్చి, పంక్చర్ షాపులో గాలి కొట్టించండి. ట్యాంకు మీదే గెలికితే మట్టంతా పెట్రోల్లో పడుతుంది. షాపు దొరికేదాకా 20 కిలోమీటర్లకోసారి ఆగి, మూత తీసి, మళ్లీ గట్టిగా బిగించండి. వదులుగా వదిలేసి నడిపితే పెట్రోలు చిందేది వేడి ఇంజన్ మీదే. సిగరెట్ కాల్చేవాళ్లను దూరంగా పంపించండి.

కార్బురేటర్ లేని కొత్త బీఎస్6 ఎఫ్‌ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) బండ్లలో పెట్రోలును పంపు లాగుతుంది కాబట్టి టక్కున ఆగకపోవచ్చు, పికప్ తగ్గుతుంది. వాటికి మూతతోపాటు, ట్యాంకు నుంచి క్యానిస్టర్‌కు (పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే డబ్బా) వెళ్లే పైపు ఎక్కడైనా నలిగిందేమో చూడండి.

మూత తీసినా చప్పుడు లేదు, ప్లగ్గులో స్పార్క్ కూడా లేదంటే, ప్లగ్గుకు కరెంటిచ్చే కాయిల్ వేడికి పోతుండొచ్చు. అరుదు. రోడ్డు మీద అయ్యే పని కాదు, ఆటో ట్రాలీ మాట్లాడుకోండి.

శ్రీశైలం వెళ్తుంటే ఈ పరీక్ష, దారిలో అటవీ చెక్‌పోస్టు ఉన్న మన్ననూరుకు ముందే చేసుకోండి. చెక్‌పోస్టు రాత్రి 9కి మూసేస్తారు, ఆ తర్వాత ఉన్నదంతా అడవే.