దెబ్బ అన్న ఒక్క మాట ఇక్కడ సరిపోదు: డాలస్ వైపు కొత్తగా వచ్చినవారికి

మేం ఇర్వింగ్‌లో దిగిన రెండో నెలలో మా బాబు డే కేర్ నుంచి ఫోన్ వచ్చింది. "హీ హ్యాడ్ ఎ లిటిల్ యాక్సిడెంట్" అంది టీచరమ్మ. నాకు చివరి మాట ఒక్కటే వినబడింది. మీటింగ్‌లోంచి లేచి, ఎవరికీ చెప్పకుండా పరిగెత్తాను. తీరా వెళ్తే మావాడు ఎవరిదో నిక్కరు తొడుక్కుని బుద్ధిగా బ్లాకులు పేరుస్తున్నాడు. ఉచ్చ పోసుకున్నాడు, అంతే. తడిసిన బట్టలు ప్లాస్టిక్ సంచిలో కట్టి నా చేతికిచ్చి, రేపటి నుంచి ఒక జత ఎక్కువ పంపమన్నారు.

మనకు యాక్సిడెంట్ అంటే లారీ, అంబులెన్సు, చుట్టూ మూగిన జనం. ఇక్కడ పసిపిల్లల విషయంలో ఆ మాట వినబడితే ముందు నిక్కరు గురించే ఆలోచించండి. రోడ్డు మీద జరిగినదాన్ని టెక్సస్‌లో చాలామంది "రెక్" అంటారు. "మెట్ విత్ యాన్ యాక్సిడెంట్" అని మనం బడిలో నేర్చుకున్న వాక్యం ఇక్కడివాళ్ల నోట నేను వినలేదు.

అసలు చిక్కు మన "దెబ్బ"తోనే ఉంది. మోకాలికి దెబ్బ, బంపరుకి దెబ్బ, వ్యాపారానికి దెబ్బ, మనసుకి దెబ్బ, చివరికి ఎండదెబ్బ. అన్నిటికీ ఒకటే మాట. ఇంగ్లీషువాళ్లు దాన్ని పంచి పెట్టుకున్నారు. ఒంటికి తగిలితే హర్ట్, కాస్త పెద్దదైతే ఇంజురీ. వస్తువుకైతే డ్యామేజ్. హార్మ్ అనే మాట కాగితాల మీదా, కొన్ని నానుడుల్లోనే ఎక్కువ కనిపిస్తుంది. "నా కారు ఇంజూర్ అయ్యింది" అంటే వాళ్లు నవ్వుతారు, ఆ నవ్వుతో పోతుంది. మనిషిని "డ్యామేజ్డ్" అంటే మాత్రం ఎవరూ నవ్వరు. పాడైపోయిన మనిషి అన్నట్టు వినబడుతుంది, పెళ్లి విరిగిన అమ్మాయి గురించి అంటే మరీనూ. నేను ఒకసారి జాలిపడుతూ అన్నాను. ఎదుటావిడ ముఖం మారిపోవడం ఇప్పటికీ గుర్తుంది.

ఈ పంపకం మర్యాదతో ఆగదు, డబ్బు దాకా వెళ్తుంది. మీ కారు ఇన్సూరెన్సు కాగితం తీసి చూడండి, బాడిలీ ఇంజురీ ఒక వరస, ప్రాపర్టీ డ్యామేజ్ ఇంకో వరస. టెక్సస్‌లో చట్టం అడిగే కనీసాన్ని 30/60/25 అంటారు. తప్పు మీదైనప్పుడు అవతల గాయపడిన ఒక్కొక్కరికి 30,000 డాలర్ల దాకా, ఆ ప్రమాదం మొత్తంలో గాయాలకు 60,000 దాకా, వాళ్ల ఆస్తికి 25,000 దాకా అని దాని లెక్క. ఇది అవతలివాళ్ల కోసం, మీ కారు బాగుచేయించుకోవడానికి కాదు. కొత్తగా వచ్చినవాళ్లు కనీసంతో సరిపెట్టుకుంటారు. హైవే మీద పక్కన వెళ్లే బళ్ల ధర చూశాక ఆ 25,000 సరిపోతుందేమో మీరే చెప్పండి.

కార్లు గుద్దుకున్నప్పుడు పోలీసాయన వచ్చి "ఎనీబడీ హర్ట్?" అంటాడు. మన నోరు వెంటనే "నో నో, ఐయామ్ ఫైన్" అనేస్తుంది. మెడ పట్టేసేది మర్నాడు పొద్దున. ఆ క్షణంలో తెలియకపోతే "ఐ డోంట్ నో యెట్" అనండి. వణుకుగా ఉంటే "ఐయామ్ షేకెన్ అప్" అనండి. మన "అయ్యో సారీ" కూడా అలవాటుగా జారిపోతుంది. అవతలివాళ్లను "ఆర్ యు ఓకే?" అని అడగడం మానవత్వం, తప్పకుండా అడగండి. "ఇట్ వాజ్ మై ఫాల్ట్" అన్నది వేరే సంగతి. ఏం జరిగిందో జరిగినట్టు పోలీసుకు చెప్పండి, తప్పెవరిదో మీరే తీర్పు చెప్పకండి.

కారు బాగుచేయించాలంటే టింకరింగ్ షాపు అని అడిగితే ఎవరికీ అర్థం కాదు. ఇక్కడ దాన్ని బాడీ షాప్ అంటారు. సొట్ట పడితే డెంట్. పార్కింగులో పక్క కారు తలుపు తగిలి పడిన బుల్లి సొట్ట డింగ్. గీత పడితే స్క్రాచ్, రంగు రాసుకుపోతే స్కఫ్, అద్దం మీద రాయి తగిలి ఎగిరిన పెచ్చు చిప్. వెనకనుంచి ఎవరైనా గుద్దితే "ఐ గాట్ రియర్ ఎండెడ్" అంటే చాలు, కథంతా చెప్పక్కర్లేదు. చిన్నపాటి గుద్దులాట ఫెండర్ బెండర్. కారు "టోటల్డ్" అన్నారని నుజ్జునుజ్జు అయిందనుకోకండి. చూడ్డానికి బాగానే ఉన్నా, బాగుచేసే ఖర్చు దాని విలువతో పోలిస్తే గిట్టదని ఇన్సూరెన్సువాళ్లు లెక్క తేలిస్తే అది టోటల్డే. అప్పుడు కారు కొన్న ధర రాదు, ఆ రోజు దాని విలువెంతో అంత, అందులోంచి మీ డిడక్టిబుల్, అంటే మీరే భరించాల్సిన వాటా, పోగా వస్తుంది.

ఇక అపార్టుమెంటు సంగతి. మనవాళ్లు ఎక్కువ డబ్బు పోగొట్టుకునేది ఇక్కడేనని నా నమ్మకం. టెక్సస్ చట్టం ప్రకారం "నార్మల్ వేర్ అండ్ టేర్" కింద డిపాజిట్‌లో కోత పెట్టకూడదు. అంటే ఇల్లు ఇల్లులా వాడినందుకు సహజంగా వచ్చే అరుగుదల. అజాగ్రత్త వల్లా, ప్రమాదం వల్లా, దురుపయోగం వల్లా వచ్చింది అందులోకి రాదు, దానికి డబ్బు పట్టుకోవచ్చు. కాబట్టి మీరు రాసే మాటే మీ జేబు. మా స్నేహితుడొకడు ఖాళీ చేసేటప్పుడు మర్యాదగా మెయిల్ పెట్టాడు, "సారీ ఫర్ ది డ్యామేజ్ టు ది కార్పెట్" అని. నిజానికి ఆ కార్పెట్టు నాలుగేళ్ల నడకకు దారిపడి వెలిసిందంతే. వాళ్లు ఆ మెయిల్‌నే ప్రింటు తీసి కార్పెట్టు మొత్తానికి బిల్లు పంపారు. తర్వాత ఫోటోలు జతచేసి "వోర్న్", "ఫేడెడ్" అని రాస్తే సగం పైగా వెనక్కి వచ్చింది. అరిగితే వోర్న్, వెలిస్తే ఫేడెడ్. ఇవి మీ వైపు మాటలు. బర్న్‌డ్, టోర్న్, బ్రోకెన్ వాళ్ల వైపువి. నిజంగా కాలిస్తే కాలిందనే రాయండి, నేను అబద్ధం ఆడమనడం లేదు. చేయని నేరం ఒప్పుకోవద్దంటున్నాను.

మన వంటిల్లు మాత్రం వేర్ అండ్ టేర్ కాదని వాళ్ల వాదన. తెల్ల కౌంటరు మీద పసుపు మరకని స్టెయిన్ అంటారు, దానికి డబ్బు అడుగుతారు. తాలింపు జిడ్డు క్యాబినెట్ల మీద పేరుకున్నా అంతే, దేవుడి దీపం మసి గోడకెక్కినా అంతే. చేరిన వెంటనే ఇచ్చే కండిషన్ ఫారంలో పాత గీతలూ మరకలూ అన్నీ రాసి, ఫోటోలు తీసి, లీజులో చెప్పిన గడువులోపు ఇవ్వండి. వెళ్లేటప్పుడు కొత్త చిరునామా రాతపూర్వకంగా ఇవ్వడం మరవకండి. అది ఇస్తేనే డిపాజిట్ తిరిగివ్వాల్సిన బాధ్యత వాళ్ల మీద పడుతుంది. ఖాళీ చేసిన 30 రోజుల్లో మిగిలిన డబ్బూ, దేనికెంత కోశారో లెక్కా రావాలి. దురుద్దేశంతో అట్టేపెట్టుకున్నారని కోర్టులో తేలితే 100 డాలర్లూ, అన్యాయంగా ఉంచుకున్నదానికి మూడింతలూ కట్టాలి. మీరు రాసే ఉత్తరంలో ఈ సంగతి ఒక్క వాక్యంలో ప్రస్తావిస్తే చాలాసార్లు పని జరుగుతుంది. అన్నట్టు, చివర ఎస్ చేరి "డ్యామేజెస్" అయితే అది పాడైన వస్తువు కాదు, కోర్టు ఇప్పించే నష్టపరిహారం. లాయరు ఉత్తరంలో ఆ ఎస్ కనిపిస్తే కూర్చుని మళ్లీ చదవండి.

డాక్టరు దగ్గర తెలుగే గొప్పది. సలుపు, పోటు, పీకుడు, మంట, తిమ్మిరి... మనకు ఎన్ని నొప్పులో! ఇంగ్లీషులోకి వచ్చేసరికి అన్నీ పెయిన్ అయిపోతాయి, డాక్టరుకు ఏమీ తెలియదు. సలుపుకి త్రాబింగ్, పోటుకి షార్ప్, పీకుడుకి డల్ ఏక్, మంటకి బర్నింగ్, తిమ్మిరికి టింగ్లింగ్ అని జేబులో పెట్టుకెళ్లండి. సూది గుచ్చేముందు నర్సు "ఎ లిటిల్ పించ్" అంటుంది. గిల్లదు, గుచ్చుతుంది.

వాళ్లిచ్చే కాగితాల్లో తొమ్మిది ప్రశ్నల ఫారం ఒకటి ఉంటుంది, గత రెండు వారాలుగా మీ మనసెలా ఉందని. తొమ్మిదోది చావు గురించీ, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించీ అడుగుతుంది. మా అమ్మ కుర్చీలోంచి లేచిన ప్రతిసారీ "ఈ మోకాళ్లతో బతికే కంటే పోతే బాగుండు" అంటుంది. అది నిట్టూర్పు. మాటకు మాటగా ఇంగ్లీషులో పెడితే గదిలో గాలి మారిపోతుంది, ఇంకో డాక్టరు లోపలికొస్తాడు. అమ్మానాన్నల్ని తీసుకెళ్తే తెలుగు దుబాసీ కావాలని ముందే అడగండి. పెద్దాసుపత్రుల్లో ఫోన్లోనైనా ఉచితంగా ఇప్పిస్తారు. కొడుకు ముందు చెప్పని మాటలు కూడా పెద్దవాళ్లు దుబాసీతో చెబుతారు. నిజంగానే అలాంటి ఆలోచన ఉంటే మాత్రం దాచకండి, ఆ ప్రశ్న అందుకే ఉంది. రాత్రీ పగలూ ఎప్పుడైనా 988కి, అంటే ఇలాంటి ఆలోచనలున్నవారికి సాయం చేసే హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేయొచ్చు. 2022 జూలై నుంచి దేశమంతా అదే నంబరు.

పిల్లలున్న ఇళ్లలో ఇంకొకటి. మనం ముద్దుకీ కోపానికీ "చంపేస్తా" అంటాం. పిల్లాడు దాన్ని బళ్లో "ఐ విల్ కిల్ యు" అన్నాడంటే ప్రిన్సిపాల్ గది నుంచి కబురొస్తుంది. అలాగే "నిన్న ఒకటి కొట్టాను" అన్న మాట "ఐ బీట్ హిమ్" అయిందా, టీచరు చెవిలో అది చావచితక్కొట్టడమే. పిల్లలకు హాని జరుగుతోందని అనుమానం వస్తే తెలియజేయాలన్నది టెక్సస్‌లో అందరికీ వర్తించే చట్టం, టీచర్లు అసలు ఊరుకోరు. కొట్టకుండా ఉంటే అనువాదం గొడవే లేదనుకోండి.

ఆఫీసులో మాత్రం ఇవే మాటలు పూలు. "యు కిల్డ్ ఇట్" అంటే అదరగొట్టావని. "నాక్ యువర్సెల్ఫ్ అవుట్" అంటే నీ ఇష్టం, కానివ్వమని. "డోంట్ బీట్ యువర్సెల్ఫ్ అప్" అంటే ఊరికే నిన్ను నువ్వు తిట్టుకోకు అని. "నో హార్మ్, నో ఫౌల్" బాస్కెట్‌బాల్ మాట, పోనీలే ఏం కాలేదుగా అని. "ఇట్ డజంట్ హర్ట్ టు ఆస్క్" అన్నదాన్ని మాత్రం మనసారా నమ్మండి. అడిగితే పోయేదేముంది, జీతం దగ్గర్నుంచి సెలవు దాకా. గాయం మీద మనం కారం చల్లుతాం, వీళ్లు ఉప్పు రాస్తారు. మనవాడు చీమకైనా హాని చేయడు, వీళ్లవాడు ఈగకి.

మా టీమ్‌తో మొదటిసారి భోజనానికి వెళ్లినప్పుడు, తినడం అయ్యాక మా లీడ్ వెయిటరును పిలిచి "వాట్స్ ది డ్యామేజ్?" అన్నాడు. ఏ గ్లాసు పగిలిందోనని నేను బల్ల కిందికి వంగి చూశాను. బిల్లు అడుగుతున్నాడట. మనిషికి 18 డాలర్లు పడింది, టిప్పు వేరే.