వానకు మలుపులో బండ్లు జారుతున్నాయా? మలుపుకి ముందున్న రోడ్డు చూడండి

ఎండాకాలమంతా ఏ గొడవా ఉండదు. వాన పడగానే అదే మలుపులో బైకులు పడతాయి, కార్లు అడ్డం తిరుగుతాయి. వెంటనే చెవ్రాన్ బోర్డులు (మలుపు చూపే బాణం గుర్తులు), రంబుల్ స్ట్రిప్పులు (బండి కుదిపే అడ్డ పట్టీలు) పెట్టేస్తారు. తర్వాతి వానకి మళ్లీ అదే కథ.

దయచేసి ముందు వానలో వెళ్లి నిలబడండి. నీళ్లెక్కడ ఆగుతున్నాయి, టైరు గుర్తులు ఎక్కడ మొదలవుతున్నాయి? ఈ ఒక్కటే ఎవరూ చూడరు.

గుర్తులు మలుపు నడుమ మొదలైతే: సూపర్ ఎలివేషన్, అంటే మలుపులో రోడ్డుని లోపలికి వాల్చే వాలు, చాలట్లేదు. గంటకు 80 కిలోమీటర్ల వేగానికి, 230 మీటర్ల రేడియస్‌కి 7 శాతం ఉండాల్సిందే. కొలిచి, ప్రొఫైల్ కరెక్షన్ (పైన పొర వేసి వాలు సరిదిద్దడం) చేయించండి.

మలుపుకి ముందే మొదలైతే: అసలు దొంగ ఇక్కడున్నాడు. తిన్నటి రోడ్డుకి క్యాంబర్, అంటే నడుమ నుంచి అంచులకి ఉండే వాలు, రెండు వైపులా 2.5 శాతం. మలుపులో రోడ్డంతా లోపలికే వాలాలి. కాబట్టి బయటి లేన్ వాలు తిరిగేటప్పుడు ఒకచోట సున్నాకి రాక తప్పదు. మైనస్ 2.5 (బయటికి వాలు) నుంచి ప్లస్ 7కి (లోపలికి వాలు) 60 మీటర్లలో తిప్పితే, ఒక శాతం వాలు కూడా లేని ముక్క సుమారు 13 మీటర్లు. అక్కడ రోడ్డు పొడవునా చదునుగానే ఉంటే నీరు ఎటూ పోలేక పల్చటి పొరగా నిలుస్తుంది. మలుపు చూసి డ్రైవరు బ్రేకు వేసేదీ సరిగ్గా అక్కడే. ప్లాన్ (పైనుంచి చూసిన గీత), ప్రొఫైల్ (పొడవునా ఎత్తుపల్లాల గీత) విడివిడిగా చూస్తే రెండూ సరిగ్గానే కనిపిస్తాయి, అందుకే ఇది దొరకదు. ఎస్ ఆకారం మలుపుల్లో అయితే రెండు లేన్లకూ ఈ బెడద ఉంటుంది.

పైన ఓవర్‌లే (కొత్త తారు పొర) వేస్తే పోదు, అదే వాలు మళ్లీ పైకొస్తుంది. ఆ ముక్కలో పొడవు వాలు కనీసం 0.5 శాతం వచ్చేలా ప్రొఫైల్ మార్చండి. కుదరకపోతే వాలు తిరిగే చోటుని ముందుకో వెనక్కో జరపండి. జర్మనీలో క్యాంబర్ శిఖరాన్ని లేన్ మీదుగా ఏటవాలుగా దాటించే పద్ధతి ఉంది. బాగా పనిచేస్తుంది కానీ, నేర్పున్న పేవర్ (తారు పరిచే యంత్రం) టీం కావాలి. ఇప్పటి పరిశోధనలు కూడా మలుపు, వాలు, నీటి పొర మందం మూడింటినీ ఒకే 3డి మోడల్‌లో చూస్తున్నాయి. మన డిజైన్లకీ అది అలవాటు కావాలి.

ఎండలోనూ పడుతుంటే: మలుపు ముందు, మలుపులో 85 శాతం వాహనాలు దాటని వేగాలు కొలవండి. తేడా 20 కిలోమీటర్లు దాటితే రేడియస్ పెంచాలి. నూనె ఒలకడం, తారు పైకి తేలడం కంటికే కనిపిస్తాయి, వాటిని పట్టుకోవడం కష్టం కాదు.

పనయ్యాక వాన కోసం ఆగక్కర్లేదు. ట్యాంకర్ తెప్పించి నీళ్లు వదలండి. నిలిచిన చోటల్లా సుద్దతో గీసి, బిల్లు పాస్ చేసే ముందే సరిచేయించండి.