హెడ్ బిగించే ముందు బోల్ట్ రంధ్రాల్లోకి చూడండి

పోయిన వారం ఒక చిన్న కారు ఇంజిన్ బ్లాక్ చూశాను. నాలుగు సిలిండర్లది. పిస్టన్లు, రింగులు, బేరింగులు అన్నీ కొత్తవే. సిలిండర్ల పైన మూతలా కూర్చునే హెడ్‌కి ఫేసింగ్ కూడా చేయించారు, అంటే ముఖాన్ని సమం చేయించారు. హెడ్ బిగించేటప్పుడు ‘టక్’మని ఒక చప్పుడు వచ్చిందట. టార్క్ రెంచ్ (బిగింపు చాలినప్పుడు క్లిక్‌మనే పానా) క్లిక్కే అనుకున్నారు. ఇంజిన్ స్టార్ట్ చేసిన కాసేపటికే బ్లాక్ పక్క నుంచి కూలెంట్ కారడం మొదలైంది. తుడిచి చూస్తే బోల్ట్ రంధ్రం పక్కన వెంట్రుకంత పగులు. ఆ రంధ్రం అడుగున ఆయిల్ నిలిచి ఉండగానే బోల్ట్ ఎక్కించేశారు.

ఇంజిన్ రీబిల్డ్ చేసేవాళ్లకి పాత గాస్కెట్ (హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య పెట్టే సీలు) మళ్లీ వాడకూడదని, శుభ్రంగా పని చేయాలని నేను చెప్పక్కర్లేదు. ఈ ఒక్క తప్పు గురించి మాత్రం చెప్పాలి. చేయి తిరిగినవాళ్లు కూడా దీన్ని చేయడం చూశాను.

చాలా ఇంజిన్లలో హెడ్ బోల్ట్ రంధ్రాలకు అడుగు మూసి ఉంటుంది. హెడ్ దించేటప్పుడు ఆయిల్, కూలెంట్ వాటిలోకి జారతాయి. బ్లాక్ కడిగినప్పుడు ఆ నీళ్లూ అక్కడే చేరతాయి. ‘ఎండలో ఆరబెట్టాం కదా’ అంటారు. పైన ఆరుతుంది, లోతైన రంధ్రం అడుగు ఆరదు. ద్రవాన్ని ఎంత నొక్కినా కుదించుకోదు. బోల్ట్ దిగుతున్నకొద్దీ లోపల ఒత్తిడి పెరిగి బ్లాక్ పగులుతుంది. పగలకపోతే ఇంకో ప్రమాదం ఉంది, అది కంటికి కనపడదు. ద్రవాన్ని నెట్టడానికి బోల్ట్ పడే కష్టాన్ని టార్క్ రెంచ్ బిగింపు కింద లెక్కేసుకుంటుంది. క్లిక్ వస్తుంది కానీ హెడ్ మీద పట్టు ఉండదు. కొన్నాళ్లకు గాస్కెట్ పోతుంది. అందరూ గాస్కెట్‌ని తిడతారు, పాపం.

కాబట్టి ముందు సిరంజికి సన్నని ట్యూబు తగిలించి, రంధ్రం అడుగు నుంచి లాగండి. తర్వాత స్క్రూడ్రైవర్‌కి గుడ్డ పీలిక చుట్టి, పొడిగా బయటికి వచ్చేదాకా తుడవండి. గాలి కొడితే కళ్లద్దాలు పెట్టుకుని, పైన గుడ్డ కప్పి కొట్టండి. ఒక రంధ్రంలోంచి ఎగిరింది పక్క రంధ్రంలో పడుతుంది, అందుకే చివర్లో అన్నీ మళ్లీ ఒకసారి టార్చి వేసి చూడాలి. త్రెడ్ (మర గాట్లు) శుభ్రానికి గాట్లు కోసే ట్యాప్ వద్దు, అది లోహాన్ని కోస్తుంది. ఉన్న గాట్లని శుభ్రం చేసే త్రెడ్ చేజర్ వాడండి.

ఇదే తప్పు మరో దారిలోనూ వస్తుంది. బోల్ట్ త్రెడ్‌కి, తల కింద ఆయిల్ రాయమని మాన్యువల్ చెబితే పల్చగా రాయండి, కారేదంతా తుడిచేయండి. బోల్ట్‌ని ఆయిల్ డబ్బాలో ముంచి తీస్తే, మీరు ఎండబెట్టిన రంధ్రాన్ని మీరే నింపినట్టు. కొన్ని ఇంజిన్లలో రంధ్రం కూలెంట్ దారిలోకే తెరుచుకుంటుంది. అక్కడ త్రెడ్‌కి సీలెంట్ రాయాల్సి ఉంటుంది. మీ ఇంజిన్‌ది ఏ రకమో ముందే తెలుసుకోండి.

ఇక గాస్కెట్ కూర్చునే ముఖం. స్ట్రెయిట్ ఎడ్జ్‌ని (తిన్నని ఉక్కు పట్టీ) పొడవునా, అడ్డంగా, మూల నుంచి మూలకి పెట్టి, సందు కొలిచే ఫీలర్ గేజ్‌తో చూడండి. చిన్న ఇంజిన్లలో చాలావాటికి వంపు హద్దు 0.05 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. మీ మాన్యువల్‌లో ఉన్న అంకే లెక్క. గ్రైండర్‌కి రాపిడి డిస్క్ తగిలించి ముఖాన్ని మెరిపించకండి. దాంతో అల్యూమినియం గుంట పడుతుంది. డిస్క్ నుంచి రాలిన పొడి ఆయిల్‌లో కలిసి కొత్త బేరింగుల్ని తినేస్తుంది. పొరలు పొరలుగా ఉండే స్టీల్ గాస్కెట్‌కి ముఖం మరీ నునుపుగా ఉండాలి, ఆ సంగతి ఫేసింగ్ చేసేవాళ్లకి ముందే చెప్పండి.

గాస్కెట్‌ని బ్లాక్ మీద ఉత్తినే పరిచి, ఒక్కో రంధ్రం సరిచూడండి. హెడ్‌కి ఆయిల్ వెళ్లే దారి మూసుకుపోతే వాల్వుల్ని తెరిచే క్యామ్‌షాఫ్ట్ పట్టేస్తుంది. కూలెంట్ రంధ్రాలు కొన్ని బ్లాక్‌లో పెద్దగా, గాస్కెట్‌లో చిన్నగా ఉంటాయి. అది పొరపాటు కాదు, నీటి ప్రవాహాన్ని పంచడానికి అలా పెట్టారు. కత్తెర తీసి వాటిని పెద్దవి చేసిన మహానుభావుల్ని చూశాను.

మిగతావి వరసగా చెప్పేస్తాను.

- ‘టాప్’ అని రాసిన వైపు పైకే.
- సాగే రకం బోల్టులైతే కొత్తవే వేయండి. అవి ఒకసారి సాగాక రెండోసారి అదే పట్టు ఇవ్వవు.
- గాస్కెట్‌కి సిలికాన్ పూయకండి. మాన్యువల్ చూపించిన మూలల్లో తప్ప ఎక్కడా వద్దు.
- హెడ్‌ని సరైన చోట నిలిపే డోవెల్ పిన్నులు ఉన్నాయో లేదో లెక్కపెట్టండి.
- హెడ్‌ని బ్లాక్ మీద పెట్టే ముందు ఏ పిస్టన్ కూడా పైకొసన ఉండకూడదు. తెరిచి ఉన్న వాల్వ్ తగిలితే వంగిపోతుంది.
- అదే కారణానికి, వాల్వులున్న హెడ్‌ని బల్ల మీద బోర్లా పెట్టకండి.
- రంధ్రాలు పొడిగా ఉన్నాయా? మళ్లీ చూడండి. నిన్న చూశామనడం కుదరదు.
- ప్రతి బోల్ట్ ముందు చేత్తో దిగాలి. దిగకపోతే రెంచ్ అందుకోకండి, బోల్ట్ బయటికి తీయండి.
- ఇంపాక్ట్ గన్‌తో (బోల్టులు బిగించే మిషన్) బిగించొద్దు.
- మధ్య నుంచి బయటికి, మాన్యువల్ ఇచ్చిన వరసలో, దశలవారీగా. ఒకేసారి పూర్తి టార్క్ వద్దు.
- డిగ్రీల్లో తిప్పమంటే డిగ్రీలే. అందాజా పనికిరాదు. తిప్పిన ప్రతి బోల్ట్ తల మీద పెయింట్ చుక్క పెట్టండి.
- ఆ పని మధ్యలో ఫోన్ ఎత్తకండి.
- ‘ఇంకొంచెం బిగిద్దాం’ అనొద్దు.
- కూలెంట్ పోశాక గాలి పూర్తిగా తీసేయండి. గాలి నిలిస్తే హెడ్ వేడెక్కి వంగుతుంది.
- వేడి మీద రేడియేటర్ మూత తెరవకండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక కూలెంట్ మట్టం చూడండి.
- బిగించేటప్పుడు ఒక బోల్ట్ మిగతావాటికంటే ముందే గట్టిపడితే, లేదా ‘టక్’మంటే, అక్కడే ఆగండి. దాన్ని విప్పి రంధ్రంలోకి టార్చి వేయండి.