లైనక్స్ డెస్క్‌టాప్ మరమ్మతు, 4వ పాఠం: ఫైళ్ల ఇండెక్సర్ పదేపదే క్రాష్ అవుతుంటే

పోయిన పాఠంలో జర్నల్, అంటే సిస్టమ్ రాసుకునే లాగ్, చదవడం నేర్చుకున్నాం. ఈసారి దాన్ని ఒక అసలైన చిక్కు మీద వాడి చూద్దాం. మీది కేడీఈ ప్లాస్మా డెస్క్‌టాప్ అనుకోండి. అందులో ఫైళ్ల ఇండెక్సర్ పేరు బాలూ. ఫైళ్లలో ఏముందో ముందే చదివి, వెతకడానికి వీలుగా జాబితా (ఇండెక్సు) కట్టేది అదే. లాగిన్ అయిన రెండు మూడు నిమిషాలకు ఫ్యాన్ హోరు మొదలవుతుంది, ఆ వెంటనే బాలూ ఎక్స్‌ట్రాక్టర్ క్రాష్ అయిందని ఒక నోటీసు వస్తుంది. మూసేస్తే కాసేపటికి మళ్లీ అదే.

చాలామంది ఇక్కడ ఇండెక్సింగ్‌నే ఆపేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఫైలు పేరు గుర్తులేకపోయినా లోపలున్న ఒక మాటతో వెతికి పట్టుకునే వీలు దానితోనే పోతుంది. పైగా ఈ క్రాష్ ఒక్కోసారి డిస్కు పాడవుతోందని ముందుగా అందే కబురు కావచ్చు.

మొదట, పడిపోతున్నది ఎవరో తేల్చుకోవాలి. బాలూలో రెండు ప్రాసెస్‌లున్నాయి. బాలూ_ఫైల్ ఎప్పుడూ నడుస్తూ, ఏ ఫోల్డర్లో ఏం మారిందో కనిపెట్టుకుని ఉంటుంది. బాలూ_ఫైల్_ఎక్స్‌ట్రాక్టర్ ఒక్కో ఫైలూ తెరిచి లోపలి విషయం చదువుతుంది. పీడీఎఫ్ అయితే పాప్లర్, పాట అయితే ట్యాగ్‌లిబ్, ఫోటో అయితే ఎక్సివ్2 లైబ్రరీల సాయం తీసుకుంటుంది. పాడైన ఫైలు ఎప్పుడైనా తగలొచ్చు కాబట్టి, కూలినా చదివేవాడే కూలాలి, కాపలావాడు నిలబడాలి అని ఇలా విడదీశారు. గ్నోమ్ అనే ఇంకో డెస్క్‌టాప్‌లోని ఇండెక్సర్ ట్రాకర్‌లోనూ ఇదే ఏర్పాటు. 2024లో వచ్చిన గ్నోమ్ 47 నుంచి దాని పేరు లోకల్‌సెర్చ్. కాబట్టి పేర్లు మార్చుకుంటే ఈ పాఠంలో చాలా భాగం అక్కడా పనికొస్తుంది.

ప్రోగ్రామ్ కూలినప్పుడు దాని మెమరీని భద్రపరిచే ఫైలును కోర్ అంటారు. అలా మిగిలిన కోర్‌ల పట్టిక కోసం టెర్మినల్లో కోర్‌డంప్‌సీటీఎల్ లిస్ట్ అని కొట్టండి. ఆ కమాండే లేదంటే సిస్టమ్‌డీ-కోర్‌డంప్ ప్యాకేజీ వేసుకుని, ఇంకో క్రాష్ జరిగేదాకా ఆగండి. వచ్చిన పట్టికలో ప్రోగ్రామ్ పూర్తి దారి ఉన్న కాలమ్ చూడండి. టాప్ కమాండులో కనిపించే పేరును నమ్ముకోవద్దు. కెర్నెల్ ప్రాసెస్ పేరును 15 అక్షరాల దగ్గర కత్తిరిస్తుంది, అందుకే ఎక్స్‌ట్రాక్టర్ పేరు అక్కడ తోక తెగి కనబడుతుంది. కోర్‌డంప్‌సీటీఎల్ లిస్ట్ పక్కన ఎక్స్‌ట్రాక్టర్ పూర్తి పేరు ఇచ్చి వెతికితే ఏమీ దొరక్కపోవడానికి కారణం కూడా ఇదే.

అదే వరసలో సిగ్నల్, అంటే ప్రాసెస్ ఎందుకు ఆగిందో చెప్పే సంకేతం, ఉంటుంది. సెగ్వ్ అంటే 11, తనది కాని మెమరీని ముట్టుకుంది. అబార్ట్ అంటే 6, ఏదో తేడా కనిపెట్టి తనంతట తానే ఆగింది. బస్ అయితే కాస్త జాగ్రత్త పడండి. మెమరీలోకి మ్యాప్ చేసుకున్న ఫైలు ఉండాల్సిన దానికన్నా పొట్టిగా ఉన్నా, డిస్కు నుంచి చదవలేకపోయినా ఇది వస్తుంది. పట్టికలో ఏమీ లేకుండానే ప్రాసెస్ మాయమవుతుంటే మెమరీ చాలక కెర్నెల్ చంపేసి ఉండొచ్చు. సిగ్నల్ 9కి కోర్ మిగలదు. కెర్నెల్ జర్నల్లో అవుట్ ఆఫ్ మెమరీ అన్న మాట వెతకండి.

ఇప్పుడు అసలు పని. పట్టికలోని పీఐడీ (ప్రాసెస్ నంబరు) ఇచ్చి కోర్‌డంప్‌సీటీఎల్ ఇన్ఫో నడపండి. కింద స్టాక్ ట్రేస్ వస్తుంది, అంటే ఏ ఫంక్షన్‌ను ఏది పిలిచిందో చూపే వరసలు. సున్నా నంబరు వరస క్రాష్ జరిగిన చోటు, కిందికి పోయేకొద్దీ దాన్ని పిలిచినవాళ్లు. మొత్తం అర్థం కానక్కర్లేదు. పై ఐదారు వరసల్లో లైబ్రరీ పేర్లు చూస్తే చాలు. పాప్లర్, ఎక్సివ్2 లాంటివి కనబడితే ఆ రకం ఫైలు ఏదో ముల్లులా తగులుతోంది. ఎండీబీ_ అని మొదలయ్యే ఫంక్షన్లు కనబడితే అవి ఎల్ఎండీబీవి. బాలూ తన ఇండెక్సును దాచుకునే డేటాబేస్ అది. అనుమానం ఇండెక్సు మీదికి మళ్లాలి.

ఫైలే దోషి అయితే ఒక టెర్మినల్లో బాలూసీటీఎల్6 మానిటర్ నడుపుతూ చూడండి (ప్లాస్మా 5లో చివరి 6 ఉండదు). ఒక్కో ఫైలు దారీ వచ్చి, చదవడం పూర్తయ్యాక పక్కన ఓకే పడుతుంది. నా దగ్గర ఒకసారి వరసలన్నీ చకచకా ఓకే అవుతూ వచ్చి, ఒక స్కాన్ చేసిన పీడీఎఫ్ దగ్గర ఓకే పడకుండా నిలిచిపోయాయి. ఆ క్షణంలోనే క్రాష్ నోటీసు. చూస్తే అది సగం డౌన్‌లోడై తెగిపోయిన ఫైలు. ఇండెక్సింగ్‌లో లేని ఫోల్డర్లోకి దాన్ని జరిపాక మళ్లీ క్రాష్ రాలేదు. బాలూసీటీఎల్6 ఫెయిల్డ్ అని కొట్టినా చదవలేకపోయిన ఫైళ్ల జాబితా దొరుకుతుంది.

ఒక మాట. ఆ ఫైలును చెరిపేసే ముందు కేడీఈ పీడీఎఫ్ రీడర్ ఆక్యులర్‌లో తెరిచి చూడండి. ఆక్యులర్ కూడా పీడీఎఫ్‌కి పాప్లర్‌నే వాడుతుంది. అదీ కూలితే తప్పు బాలూది కాదు, బగ్ రిపోర్టు పాప్లర్ వాళ్లకు వెళ్లాలి. పాడైన ఫైలు ఇచ్చినా ప్రోగ్రామ్ కూలకూడదు కాబట్టి ఆ రిపోర్టు పంపడం నిజంగా విలువైన పని. సొంత వివరాలున్న ఫైలైతే మాత్రం జత చేయకండి, ట్రేస్ ఒక్కటే పంపండి.

ఇండెక్సు మీద అనుమానం ఉంటే ముందు డీఎఫ్ కమాండుతో డిస్కులో ఖాళీ చూడండి, తర్వాత స్మార్ట్‌సీటీఎల్ కమాండుతో డిస్కు ఆరోగ్యం చూడండి. డిస్కే పాడవుతుంటే ఇండెక్సును ఎన్నిసార్లు కట్టినా ఒకటే, వెంటనే బ్యాకప్ తీసుకోండి. డిస్కు బాగుంటే బాలూసీటీఎల్6 పర్జ్ పాత ఇండెక్సును తీసేసి కొత్తగా కట్టడం మొదలుపెడుతుంది. మీ ఫైళ్ల జోలికి పోదు. ఫైల్ మేనేజర్ డాల్ఫిన్‌లో మీరు పెట్టుకున్న ట్యాగులూ పోవు, అవి ఫైళ్ల ఎక్స్‌టెండెడ్ అట్రిబ్యూట్లలో, అంటే ఫైలుకు అంటిపెట్టుకుని ఉండే అదనపు సమాచారంలో, ఉంటాయి.

అభ్యాసం: మీ దగ్గర ఏదీ క్రాష్ కాకపోయినా ఇది చేయవచ్చు. స్లీప్ 600 అన్న కమాండును బ్యాక్‌గ్రౌండ్‌లో వదలండి. దాని పీఐడీకి కిల్ కమాండుతో సెగ్వ్ సిగ్నల్ పంపండి. ఆ తర్వాత కోర్‌డంప్‌సీటీఎల్ ఇన్ఫో స్లీప్ నడిపి, సిగ్నల్ నంబరూ సున్నా వరసలోని లైబ్రరీ పేరూ రాసిపెట్టుకోండి. నంబరు 11, లైబ్రరీ లిబ్‌సీ అని వస్తే సరిగ్గా చదివినట్టే.