పిల్లాడు పడితే నేలని కొట్టకండి

పిల్లాడు పరిగెడుతూ పడతాడు. నానమ్మో అమ్మమ్మో పరిగెత్తుకొచ్చి "నా బంగారాన్ని కొట్టిందా ఈ నేల, ఉండు దీని పని చెప్తా" అని నేలకి రెండు తగిలిస్తుంది. ఏడుపు ఆగుతుంది, నిజమే. కానీ నొప్పి పుడితే ఎదురుగా ఉన్నదాన్ని కొట్టాలని కూడా వాడు చూశాడు కదా! పెద్దావిడకి ఉపన్యాసం ఇస్తే "మేం పెంచలేదా మిమ్మల్ని" అంటుంది, ఆ గొడవెందుకు. వాడు పడగానే ముందు మీరే వెళ్ళి ఎత్తుకోండి, దెబ్బ ఎక్కడ తగిలిందో చూసి కడగండి, చాలు.

1961లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా బృందం 72 మంది నర్సరీ పిల్లలతో ఒక ప్రయోగం చేసింది. గాలి నింపిన పెద్ద బొమ్మని ఒక పెద్ద మనిషి సుత్తితో బాదుతుంటే చూసిన పిల్లల్లో చాలామంది తర్వాత అలాగే బాదారు, తిట్లు కూడా అవే. 1965లో ఆయనే ఇలాంటిదే చేసిన ఇంకో ప్రయోగం నన్ను ఇంకా ఆలోచనలో పడేసింది. కొట్టినవాడికి శిక్ష పడటం చూసిన పిల్లలు తక్కువగా అనుకరించారు, కానీ "చూసింది చేసి చూపిస్తే బహుమతి ఇస్తాం" అనగానే మిగతావాళ్ళతో సమానంగా చేసి చూపించారు. అంటే మనవాడు ఇంకా చేయట్లేదంటే నేర్చుకోలేదని కాదు.

బూతు మాట విషయంలో అసలు సమస్య పిల్లాడు కాదు, చుట్టాలు. ఒకసారి అంటే అందరూ నవ్వి, మావయ్య రాగానే "ఏదీ, మళ్ళీ అను" అంటారు. ఇంటికొచ్చేవాళ్ళకి ముందే చెప్పిపెట్టండి, ఎవరూ నవ్వొద్దని.

కోపం వచ్చినప్పుడు మీరు లోపల్లోపలే తమాయించుకుంటే వాడికి ఏమీ కనిపించదు, అందుకే "నాకు కోపంగా ఉంది, కాసేపు బాల్కనీలో ఉండి వస్తా" అని పైకి చెప్పి వెళ్ళండి, తిరిగొచ్చాక వాడి ముందే మెల్లగా మాట్లాడండి. ఫోన్ మోగితే "నాన్న లేరని చెప్పు" అనడం మాత్రం ఈరోజే మానేయండి.

ఏదైనా పని నేర్పాలంటే ఎదురుగా కాకుండా పక్కన కూర్చుని నెమ్మదిగా చేయండి, ఎదురుగా కూర్చుంటే కుడి ఎడమలు తారుమారై తికమకపడతాడు. ఎంత చూసినా మూడేళ్ళ వేళ్ళకి షూ లేసు కట్టడం రాదు, ఆ వయసుకి అతికించే పట్టీ ఉన్న షూలే కొనండి.