పాడి పశువులకు క్షయ పరీక్ష: గుంటూరు జిల్లా రైతులు అర్జీ పెట్టే విధానం

పశువుకు క్షయ సోకినా నెలల తరబడి పైకి ఏమీ తెలియదు. మేత తింటూనే చిక్కిపోవడం, దగ్గు విడవకపోవడం, పాలు తగ్గడం మన కంటపడేసరికి అదే కొట్టంలోని మిగతా పశువులకు వ్యాధి చేరి ఉండవచ్చు. దీనికి కారణమైన మైకోబ్యాక్టీరియం బోవిస్ అనే సూక్ష్మక్రిమి పచ్చిపాల ద్వారా మనుషులకూ సోకుతుంది కనుక, అనుమానం వచ్చిన రోజే అర్జీ పెట్టడం మంచిది.

అర్జీని మీ ప్రాంత పశువైద్యాధికారి పేరిట తెల్లకాగితంపై రాసి, పశువైద్యశాలలో గానీ రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకులకు గానీ ఇచ్చి, నకలుపై సంతకం తీసుకోండి. రైతు పేరు, ఊరు, ఫోన్ నంబరు, పశువు చెవిపోగుపై ఉన్న 12 అంకెల సంఖ్య, ఎన్నో ఈత, చూడిదో కాదో, కనిపించిన లక్షణాలు అందులో ఉండాలి. కొన్న పశువైతే ఏ సంతలో, ఏ నెలలో కొన్నారో తప్పక రాయండి. వ్యాధి ఎక్కడి నుంచి వచ్చిందో వైద్యుడు వెతకడానికి ఆ ఒక్క వాక్యమే దారి చూపుతుంది.

ఒక్క గేదెకు పరీక్ష చేయించి, పక్క కొట్టాన్ని వదిలేస్తే ఫలితం అంతంత మాత్రమే. వడ్లమూడిలోని సంగం డెయిరీకి పాలు పోసే ఊళ్లలోనైనా, మరో డెయిరీకి పోసే ఊళ్లలోనైనా పాలకేంద్రం దగ్గర రైతుల చిట్టా ఉంటుంది కాబట్టి, అందరి పశువుల పోగు సంఖ్యలతో ఒకే ఉమ్మడి అర్జీ పెట్టండి. వైద్యుడు రెండుసార్లు రావలసిన పరీక్ష ఇది. ఊరంతటికీ కలిపి తేదీలు ఖరారు చేసుకోవడం ఆయనకూ రైతులకూ సులువు.

మొదటి రోజు మెడపై వెంట్రుకలు గొరిగి, చర్మాన్ని మడతపెట్టి కాలిపర్‌తో మందం కొలిచి, క్షయ పరీక్షకు వాడే ట్యుబర్క్యులిన్ అనే ద్రావణాన్ని చర్మం పొరలోకి ఎక్కిస్తారు. 72 గంటలకు అదే చోట మళ్లీ కొలుస్తారు. మందం 4 మిల్లీమీటర్లు, అంతకు మించి పెరిగితే వ్యాధి ఉన్నట్టు లెక్క. 2కు పైగా, 4కు లోపు పెరిగితే సందేహం కింద ఉంచి 42 రోజుల తర్వాత తిరిగి పరీక్షిస్తారు. ఈ మూడు రోజులూ ఆ వాపుపై పసుపు, నూనె పూయవద్దు, పశువును అమ్మవద్దు.

వ్యాధి తేలితే, 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం ప్రకారం ఆ పశువును మందనుంచి వేరుచేయవలసిన బాధ్యత యజమానిదే. దాని పాలు కేంద్రానికి పోయకండి, దూడకూ తాగనివ్వకండి. ఆ పచ్చిపాలు తాగినవారు, కొట్టంలో పనిచేసినవారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, ఇంట్లో పశువుకు క్షయ తేలిందని చెప్పి పరీక్ష చేయించుకోవాలి.