జేవీ ఒప్పందం చదవడం – 3వ పాఠం: బకాయి ఎవరిని అడగాలి?

పెద్ద సొరంగం పని చాలాసార్లు ఒక్క కంపెనీ వల్ల అయ్యేది కాదని కిందటిసారి చూశాం. ఒకరికి అనుభవం ఉంటుంది, ఇంకొకరికి మనుషులు, మిషన్లు ఉంటాయి. అలా ఒక పని కోసం కంపెనీలు జట్టు కట్టడమే జేవీ, అంటే జాయింట్ వెంచర్. లండన్‌లో థేమ్స్ నది కింద క్రాస్‌రైల్ సొరంగం తవ్విన హోక్‌టీఫ్–మర్ఫీ జోడీయే తర్వాత అక్కడి కరెంటు కేబుళ్ల కోసం 32.5 కిలోమీటర్ల సొరంగాల పనీ తీసుకుంది. ముంబై మెట్రో మూడో లైన్లోనూ ఎల్ అండ్ టీ, షాంఘై కంపెనీ ఎస్‌టీఈసీతో కలిసింది.

మన రాయగడ, కోరాపుట్ కొండల్లో పని పడితే టిప్పర్లు పెట్టేది, మక్ (తవ్విన రాళ్లూ మట్టీ) తోలేది, షాట్‌క్రీట్‌కి (గోడల మీద కాంక్రీటు చిమ్మే పనికి) మనుషుల్ని పంపేది మనలాంటి చిన్నవాళ్లే. బిల్లు ఆగితే ముందు దెబ్బతినేదీ మనమే. అందుకే ఈ పాఠాన్ని కాస్త నెమ్మదిగా చదవండి.

వర్క్ ఆర్డర్ చేతికి రాగానే రేటు తర్వాత చూడండి. ముందు పైన ఎవరి పేరుందో, కింద ఎవరి తరఫున సంతకం పెట్టారో చూడండి. రెండు చోట్లా జేవీ పేరే ఉండి, ఆ జేవీ విడి కంపెనీగా నమోదు కాకపోతే మీ ఒప్పందం భాగస్వాములందరితోనూ. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 43వ సెక్షన్ ప్రకారం, కలిసి మాట ఇచ్చినవాళ్లలో ఎవరినైనా మొత్తం బాకీ అడగొచ్చు. వేరేగా రాసుకుంటే తప్ప.

లెక్క వేద్దాం. భాగస్వాముల వాటాలు 60, 40. మీ బకాయి 10 లక్షలు. పెద్ద భాగస్వామి చేతులెత్తేశాడు. రెండోవాడు “నా వాటా నాలుగు లక్షలే” అంటాడు. ఒప్పుకోకండి. ఆ వాటాలు వాళ్లలో వాళ్లవి. మీకు పదీ ఇచ్చి, మిగతాది ఆయన అవతలివాడి దగ్గర రాబట్టుకోవాలి.

అదే ఆర్డర్ ఒక్క భాగస్వామి లెటర్‌హెడ్ మీద వస్తే కథ మారిపోతుంది. సైటు బోర్డు మీద జేవీ పేరు ఎంత పెద్దదున్నా మీ ఒప్పందం ఆ ఒక్కరితోనే. రెండోవాడి మీదకు వెళ్లడం చాలా కష్టం. నన్నడిగితే పని మొదలుపెట్టకముందే జేవీ పేరు మీద ఆర్డర్ మార్చి ఇమ్మని అడగాలి. టిప్పర్ సైటులో దిగాక మన మాట ఎవరూ వినరు.

“వేరేగా రాసుకుంటే” అన్నాం కదా. ఆ ముక్క సాధారణంగా ఆర్డర్ వెనక పేజీల్లో, చిన్న అక్షరాల్లో ఉంటుంది. “ఎవరి వాటా మేరకే వారి బాధ్యత” అన్న అర్థం వచ్చే వాక్యం దొరికితే పై లెక్క చెల్లదు. అప్పుడు ఎవరి దగ్గర ఎంత రావాలో ముందే రాయించుకోండి.

అభ్యాసం: మీ దగ్గరున్న పాత వర్క్ ఆర్డర్ ఒకటి తీయండి. పైన పేరు, సంతకం, బిల్లు ఏ పేరు మీద వేయమన్నారు, వాటా గురించిన వాక్యం, ఈ నాలుగూ కాగితం మీద రాయండి. బిల్లు పేరు, సంతకం పేరు కలవకపోతే దాని పక్కన గుర్తు పెట్టుకోండి. 4వ పాఠం ఆ గుర్తు దగ్గర్నుంచే మొదలవుతుంది.